పుట్టిన బిడ్డకు పాతగుడ్డ

ఆ ఫోను కాస్త పక్కన పెట్టి రాసుకో. ఉండు, పెట్టకముందు ఆ బొమ్మ ఇంకోసారి చూపించు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, చంకలో కుక్కపిల్ల. అందరికీ ఒకే ఎర్రగళ్ల గుడ్డ. కుక్కకు కూడా కుట్టించారు చూడు. పండగ కాంబో అట. ఈ సాయంత్రంలోపు కొంటే టోపీ ఉచితమట.

పొద్దున నువ్వు మీ అమ్మను అడిగావు, క్రిస్మస్‌కు ఇది కొనకపోతే ఏమవుతుందని. అందరూ వేసుకుని వస్తారు, మనం వేసుకోకపోతే బాగుండదు అంది మీ అమ్మ. ఆ మాట నేను నీకంటే చిన్నప్పుడే విన్నాను. దానికి జవాబు కూడా విన్నాను. అందుకే రాయమంటున్నా. ఈ అవ్వతో మళ్లీ మళ్లీ చెప్పించొద్దు, నాకు గొంతు ఎండిపోతుంది.

అందరికీ ఒకే గుడ్డ అనేది ఈ ఫోనువాళ్లు కనిపెట్టింది కాదు. మా ఇంట్లో ఏటేటా అదే. అప్పుడు మేం నంద్యాలలో ఉండేవాళ్లం. నాయన బడిపంతులు. క్రిస్మస్‌కు నెల ముందు మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని బట్టలంగడికి పోయేవాడు. అమ్మ, నేను, నా వెనక ఇద్దరు తమ్ముళ్లు. ఆ అంగడాయన భలే మనిషి. రంజాన్ వస్తే గుమ్మానికి నెలవంక కట్టేవాడు, ఉగాదికి మామిడాకులు కట్టేవాడు, మా పండక్కి రంగుకాగితాల నక్షత్రం వేలాడదీసేవాడు. గల్లాపెట్టె మీద ఊదుబత్తి మాత్రం ఏడాది పొడుగునా ఒకటే.

"సామి ఎవురైనా గానీ, పండగ మాత్రం ఈయప్పదే" అనేవాడు నాయన, ఆయన వినేటట్టే. ఆయన నవ్వి ఇంకో తాను విప్పేవాడు.

ఆ తాను విప్పితే వచ్చే వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. గంజి, కిరసనాయిలు, కొత్త పుస్తకం కలిసిన వాసన. నాయన ఒక్క తానే తీసేవాడు. అందులోనుంచే మా ఇంటికీ, ఆళ్లగడ్డ అవతల పల్లెలో ఉండే మా చిన్నాయన ఇంటికీ అన్నీ రావాలి. మగవాళ్లకు చొక్కాలు, ఆడపిల్లలకు పావడలు, అమ్మకూ చిన్నమ్మకూ రవికెలు. మా జేజికి మాత్రం విడిగా ఒక చీర. జేజి అంటే మా నాయన తల్లి, చిన్నాయన దగ్గరే ఉండేది. పండగ రోజు పదిమందిమి వరసగా గుడికి, అదే మా చర్చికి, పోతుంటే బ్యాండుమేళం వాళ్లు పోతున్నట్టుండేది. మా చిన్నతమ్ముడు ఒకసారి జనంలో తప్పిపోతే, ఎవరో వాడి చొక్కా చూసి తెచ్చి మా చేతికిచ్చిపోయారు.

ఆదివారంబడిలో నేనొకసారి లేచి అడిగాను, పుట్టింది ఏసుప్రభువు కదా, మనమెందుకు కొత్తవి తొడుక్కోవాలని. నేర్పే టీచరమ్మ నన్ను కాసేపు చూసి, కూర్చో అంది. కూర్చున్నాను. కొత్త పావడ అంటే నాకూ ఇష్టమే కదా, ఎక్కువగా అడగలేదు.

ఆ ఏడు వానలు పడలేదు. చిన్నాయన జాబు రాశాడు, సెనక్కాయ చెట్లు జానెడు కూడా లేవలేదు, ఈసారి మాకేమీ తేవద్దు అన్నా అని. నాయన ఆ జాబు రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకుని, మామూలుగానే తాను తీశాడు. లేతనీలం మీద తెల్లచుక్కల పాప్లిన్. దర్జీ రేపు, ఎల్లుండి అని తిప్పి తిప్పి, మేం బయలుదేరే రోజు పొద్దున్నే కాజాలు కుట్టి ఇచ్చాడు. అమ్మ అన్నీ మడిచి పాతదుప్పట్లో మూట కట్టి నా ఒళ్లో పెట్టింది.

"పెద్దదానివి నువ్వు. ఈ మూట నీది. ఇంకేం పట్టుకోవద్దు" అంది.

బస్సులో కొంతదూరం ఒళ్లోనే పెట్టుకున్నాను. శిరివెళ్ల దాటేసరికి తొడలు చెమట పట్టాయి. మూటను సీటు కిందికి తోసి పాదాలు దానిమీద పెట్టుకున్నాను. అమ్మ బుట్టలో కజ్జికాయలున్నాయి. వాటి వాసనకు తమ్ముళ్లు ఏడుపు. ఊరికి పోయేదాకా ఒక్కటి కూడా ఇవ్వనంది. నేను బుట్ట అంచు సందులోంచి వేళ్లు దూర్చి ఒకదాన్ని విరిచి, లోపలి కొబ్బరి పూర్ణం మాత్రం లాగి తిన్నాను. పై డొల్లను అట్లాగే వదిలేశాను. జేజి తర్వాత ఆ ఖాళీ కజ్జికాయను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనకుండా తినేసింది.

ఆళ్లగడ్డలో బస్సు దిగితే అక్కడే రోడ్డు పక్కన రాతిపని. టక్కు టక్కు అని ఉలి చప్పుడు, తెల్లటి రాతిపొడి, బొమ్మలు చెక్కేవాళ్ల కనుబొమ్మలు కూడా తెల్లగా ముసలివాళ్ల మాదిరి ఉండేవి. పోయిన ఏడు అక్కడొక నిలువెత్తు విగ్రహం చూశాను. ముక్కు, పెదవులు, నగలు అన్నీ చెక్కారు, కళ్లు మాత్రం లేవు. కళ్లు అన్నిటికంటే ఆఖరున తెరుస్తామని చెక్కే ఆయన చెప్పాడు. ఏడాదంతా నాకు అదే ఆలోచన, కళ్లు తెరిచారా లేదా అని. బస్సు ఆగీ ఆగకముందే దిగి పరిగెత్తాను. ఆ విగ్రహం లేదు. ఎవరో తీసుకుపోయారట. దాని తావులో ఇంకో రాయి, దానికి ఇంకా తల కూడా రాలేదు. నేను నిలబడి చూస్తుండగానే బస్సు కడప వైపు పోయింది.

చిన్నాయన బండి కట్టుకుని వచ్చాడు. నాయన పెట్టె ఎత్తాడు, అమ్మ చిన్నవాణ్ణి, బుట్టను ఎక్కించింది. అందరం జొన్నచొప్ప మీద కూర్చున్నాం. దారి పొడుగునా నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది, చెయ్యి దూరేంత నెర్రెలు. వంక, అదే చిన్నవాగు, దాటేటప్పుడు మా పెద్దతమ్ముడు, నా చొక్కాకు జేబు ఒకటా రెండా, మూట విప్పి చూపించు అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పాదాల కింద ఇంకా ఆ మూట మెత్తదనం తెలుస్తూనే ఉంది, మూట మాత్రం లేదు.

"ఊరికి పోయినాక చూద్దువులే" అన్నాను. అదే తప్పు. అప్పుడే చెప్పి ఉంటే చిన్నాయన బండి తిప్పేవాడేమో. ఇంకో బస్సులో నాయన పోయేవాడేమో. చెప్పలేదు. అమ్మేమో మూట పెట్టె వెనక ఉందనుకుంది, నాయనేమో అమ్మ దగ్గరుందనుకున్నాడు.

ఊరు చేరాక ఇంకా కష్టమైంది. మావాళ్ల ఇళ్లన్నీ ఒకే వీధి. వీధి చివర రేకులు కప్పిన గుడి. గంటకు బదులు వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. పక్కింట్లో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. ఏటా మేమిద్దరం కలిసి రేగుపండ్లు ఏరేవాళ్లం, చిన్నమ్మ బానలోంచి బెల్లం గడ్డ దొంగిలించేవాళ్లం. ఈసారి ఆ పిల్ల గడప దాటి రాలేదు. నేనే పోయాను.

"మేం ఈతూరి గుడికి రాంలే" అంది.

"ఏం?"

"గుడ్డల్లేవు. మాయమ్మ రానంటాంది. ఆ మూలింటోళ్లు గూడ రారంట. కొత్తయి లేకుండా ఏ మొగం పెట్టుకోని పోతామంటాంది." కొంచెంసేపు నేలమీద గీతలు గీసింది. "నీ పావడ ఏం రంగు? రేపు తొడుక్కోని మాయింటి ముందర నిదానంగా నడుచు. నేను తలుపు సందులోంచి చూస్తా."

నీలం అన్నాను.

ఇంటికొస్తే చిన్నమ్మ అమ్మతో అదే చెప్తోంది. వీధిలో ఎవరికీ కొత్తవి లేవు, సగం ఇళ్లవాళ్లు పండక్కి రామంటున్నారు, మీరేమో మాకు కుట్టించి తెచ్చారు, మీ మనసు మంచిదే అక్కా, కానీ ఆ గుమ్మాల ముందునుంచి కొత్తవి కట్టుకుని ఎట్లా నడవాలో నాకు తెలియడం లేదు అని. సరే, ముందు మూట తెప్పిస్తా, ఎవరివి వాళ్లకు ఇస్తా అంది అమ్మ. మూట అనే మాట వినగానే నేను వెనక్కి తిరిగి దొడ్లోకి పోయాను.

దొడ్లో జేజి ఒక పాతచీర ముందేసుకుని కూర్చుని ఉంది. ఆ ఊళ్లో కాన్పులన్నీ జేజే చేసేది. పక్కింటి కోడలికి నెలలు నిండాయి. నేను పోయి ఆమె వెనక నిలబడ్డాను.

"జేజీ, మూట బస్సులోనే ఉండాది."

"ఏ మూట?"

"గుడ్డల మూట. అందరివీ."

జేజి తల తిప్పలేదు. చీర కొస ఒకటి నా చేతిలో పెట్టింది. "గట్టిగా పట్టుకో" అంది. పర్రుమని చింపింది. ఇంకో కొస ఇచ్చింది, పట్టుకున్నాను, చింపింది. చీర నా చేతులకు తగుల్తుంటే, చాకిరేవులో వెయ్యిసార్లు నలిగింది కదా, చెవి తమ్మె మాదిరి మెత్తగా ఉంది. కళ్లలోనుంచి నీళ్లు కారుతున్నాయి గానీ రెండు చేతులూ ఖాళీ లేక తుడుచుకోలేదు.

"ఇది ఎవురికో తెల్సా?" అంది.

"పక్కింటి బిడ్డకు. పుట్టబోయేదానికి."

"మరి కొత్తది ఎందుకు తేలేదు వాళ్లు?"

"గుచ్చుకుంటాది గదా."

"ఆఁ. పుట్టిన బిడ్డ ఒళ్లు కొత్తగుడ్డను ఓర్చుకోదు. రెడ్డి బిడ్డయినా అంతే, కూలోళ్ల బిడ్డయినా అంతే. ఇన్ని కాన్పులు చేసినా, ఒక్క బిడ్డకు గూడ కొత్తది చుట్టలేదు నేను." ముక్కలను మడిచి మోకాలి మీద పెట్టుకుంది. "రేపు ఎవురు పుట్టిన దినం?"

నేను పావడతో మొహం తుడుచుకున్నాను.

"ఏసుకు పొత్తిగుడ్డలు చుట్టిందని గుడిలో అయ్యగారు ఏటా చెప్తాడు గదా. ఆ పొత్తిగుడ్డలు అంగట్లో కొన్నవనుకుంటాండావా? మరియమ్మ గూడ యాడో తన పాతచీరే చింపింటాది. నేను చదువుకోలేదు, ఇంకేం తెలీదు. ఇదొక్కటీ తెల్సు. పా, మీ నాయనకు చెప్దాం."

చూడు, అంతవరకూ నా గుండె మీద ఎద్దులబండి ఎక్కినట్టుంది. అప్పుడు దిగింది. ఇంకా తిట్లు మిగిలే ఉన్నాయి, దెబ్బలు కూడా పడొచ్చు. అయినా దిగింది. చెప్పేశాను కదా.

దీపాలు పెట్టకముందే జేజి అందరినీ నట్టింట్లో కూర్చోబెట్టి విషయం చెప్పింది. అమ్మ నుదురు కొట్టుకుంది. తమ్ముళ్లు ఏడుపు మొదలుపెట్టారు. నాయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"బండిలో. వంక కాడ."

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

మూట పోయినందుకు కాదు, దాచినందుకు ఇరవై గుంజీలు తియ్యమన్నాడు. తీశాను. చిన్నాయన పిల్లలు లెక్కపెట్టారు. పన్నెండు తర్వాత మళ్లీ పదకొండు అన్నారు, దొంగలు.

జేజి దొడ్లో నాకు చెప్పిందే మళ్లీ వాళ్లకూ చెప్పి, రేపు ఉన్నవే ఉతికి కట్టుకుని పోదాం అంది. అమ్మ ఒప్పుకోలేదు. నంద్యాల నుంచి వచ్చింది కదా, పంతులు భార్య కదా, ఊరంతా ఆమె రవికె చూస్తారు ఏటా.

"పాతగుడ్డల్తో నేను గుడికి రాను అత్తా. ఏ మొగం పెట్టుకోని రావల్ల?" అంది.

"పక్కింటామె గూడ పొద్దున ఇదే మాట అనింది" అంది జేజి.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, కాదు, నవ్వుతోంది. పొద్దున్నుంచీ బిగబట్టుకున్న నవ్వు. ఇంక నేను తల ఎత్తుకోని పోవచ్చక్కా అంది అమ్మతో. అమ్మకు కూడా నవ్వొచ్చింది, కాసేపాగి.

ఆ సాయంత్రం పని చూడాల్సింది. చిన్నమ్మ ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ మురికి వదిలించే సౌడు మన్నులో ఉడకేసి ఉతికింది. కందికట్టె మోపు మీద ఆరేశారు. పొద్దు కుంకినా ఆ కట్టె వేడికి, పొడిగాలికి చిటికెలో ఆరిపోయాయి. అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసుకుని నాయన చొక్కాకు, పిల్లల చొక్కాలకు ఇస్త్రీ చేసింది. జేజి తన చీర చిరుగును పచ్చదారంతో కుట్టుకుంది, తెల్లదారం అయిపోయిందని. ఎండ, బూడిద కలిసిన వాసన వచ్చింది ఆ గుడ్డల్లో. కొత్త తాను వాసన ఎట్లా గుర్తుందో, అదీ అట్లాగే గుర్తుంది నాకు.

పొద్దున రైలుపట్టా మోగింది. జేజి ముందు, వెనక మేమంతా. అందరివీ తలా ఒక రంగు. పక్కింటామె వాకిట్లో నీళ్లు చల్లుతోంది. మమ్మల్ని చూసి చెంబు దించింది. అమ్మను తల నుంచి కాళ్లదాకా చూసింది. అమ్మ మొహం ఎర్రబడింది గానీ నడక ఆపలేదు.

"ఏమ్మా పంతులమ్మా, నంద్యాల నుంచి గుడ్డలు రాలేదా ఈతూరి?" అంది పక్కింటామె.

"వచ్చినాయి. అవి బస్సు దిగలే" అంది అమ్మ.

పక్కింటామె నవ్వింది. అమ్మ నవ్వింది. తలుపు సందులోంచి ఆ పిల్ల కన్ను ఒకటి కనిపిస్తోంది నాకు. ఆ కన్ను నా పాత గోధుమరంగు పావడను చూసింది, కింద అంచు విప్పి పొడుగు చేసిన చోట పాతమడత గీత కూడా కనిపిస్తోంది దానికి.

"ఉండండి అట్లయితే. మొగం కడుక్కోని వస్తాం" అంది పక్కింటామె.

మూలింటివాళ్లు మా వెనక వీళ్లను చూసి బయటికి వచ్చారు. వాళ్లను చూసి ఇంకొకరు. జేజి ఎవరి తలుపూ తట్టలేదు, ఎవరికీ ఏమీ బోధించలేదు. నిదానంగా నడిచింది, అంతే. గుడి నిండింది. బంతిపూల వాసన, తప్పెట, ఒకరి భుజం ఒకరికి రాసుకునేంత జనం. కొత్తబట్టలు కట్టుకుని వచ్చింది వాక్యం చెప్పే అయ్యగారొక్కడే. ఎక్కడినుంచో ఎవరో పంపిన పంచె, మడత నలగకుండా పెట్టుకుని వచ్చాడు పాపం. ఆయనకు కూర్చోవడానికీ లేదు, నిలబడడానికీ లేదు. ఈపొద్దు అయ్యగారు పెండ్లికొడుకు మాదిరుండాడు అని చిన్నాయన మెల్లగా అంటే, నాయన మోకాలి మీద తల పెట్టుకుని నవ్వాడు. గుడిలో నాయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. వాక్యంలో పొత్తిగుడ్డల మాట వచ్చినప్పుడు జేజి నావైపు తిరిగి కనుబొమ్మ ఎగరేసింది.

తర్వాత ఇంట్లో కొర్రబియ్యం పాయసం. బెల్లం తక్కువైంది, ఎందుకు తక్కువైందో నాకూ ఆ పిల్లకూ తెలుసు.

మూట దొరికింది, ఆ సంగతి చెప్పడం మరిచేపోయాను. పండగైన నాలుగోరోజు చిన్నాయన ఆళ్లగడ్డ పోతే, బస్టాండు దగ్గర టీ అంగట్లో ఉంది. కండక్టరు తిరిగొచ్చేటప్పుడు అక్కడ పెట్టిపోయాడట. ముడి కూడా విప్పలేదు. అమ్మ మూట విప్పి ఎవరివి వాళ్లకు ఇచ్చింది, కొత్త సంవత్సరం నాడు తొడుక్కోమని. నా పావడ మాత్రం తీసి పక్కింటి పిల్లకు ఇచ్చేసింది.

"వదిలేసొచ్చింది నువ్వే గదా" అంది నాతో. అంతే. నేను అలిగానా అంటే అలగలేదు. నిజం చెప్తున్నా, రాసుకో. కొత్త సంవత్సరం నాడు ఆ పిల్ల నీలం పావడ తొడుక్కుని మా వరసలోనే నడిచింది, మా ఇంటి పిల్ల మాదిరి. నేను పాతదాంట్లో వాళ్లింటి పిల్ల మాదిరి. అప్పటికి వాళ్ల కోడలికి కాన్పయింది. చాటలో బిడ్డ, ఒంటినిండా నేను కొస పట్టుకున్న గుడ్డ.

ఆ తర్వాత నాయన కొత్తవి కొనడం మానలేదు. అంగడాయన నక్షత్రం కట్టడం మానలేదు. మా ఇంట్లో మాత్రం ఒక పద్ధతి పడింది: క్రిస్మస్ నాడు ఉతికిన పాతవి, కొత్తవి జనవరి ఒకటిన. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నా పెళ్లయ్యాక నేనూ అదే చేశాను. మీ అమ్మ వినలేదు. వినకపోతే ఏం, ఆమె ఇష్టం. కొత్తగుడ్డ తప్పని నేను అనలేదు ఎప్పుడూ. కొత్తగుడ్డ లేదని ఎవరూ ఇంట్లో దాక్కోకూడదు, అంతే నా బాధ. ఆ బాధ కూడా ఆ ఏడే తీరింది నాకు.

దర్జీ మిగిలిన పాప్లిన్ ముక్క కూడా మూటలోనే పెట్టి ఇచ్చాడు. అమ్మ దాన్ని పెట్టె మీద పరిచేది. తర్వాత అది నా పెట్టె మీదికి వచ్చింది. ఉతికి ఉతికి నీలం పోయి, చుక్కలు పోయి, బూడిదరంగుకు వచ్చింది. నువ్వు పుట్టిన రోజు నంద్యాల ఆసుపత్రిలో నర్సమ్మ కొత్త తువ్వాలు ఏదీ అని అడిగింది. మీ నాన్న కొనుక్కొచ్చాడు, గులాబీరంగుది, కవరు కూడా విప్పలేదు. నేను సంచిలోంచి ఇది తీసి ఇచ్చాను. నర్సమ్మ వేళ్లతో నలిపి చూసింది. నిన్ను దాంట్లో చుట్టి నా చేతికి ఇచ్చింది. మా తమ్ముళ్లు ఏడ్చిన గుడ్డ అది. నువ్వు మాత్రం ఏడుపు ఆపి నిద్రపోయావు.

ఇప్పుడెక్కడుందని అడగబోతున్నావు కదా? మీ అమ్మ దాంతో ఫ్యాను రెక్కలు తుడిచింది. అరిగి అరిగి పోయింది. పోనీలే.

నీకు ఆ ఎర్రగళ్లది కావాలంటే కొనుక్కో, నేనేమీ అనుకోను, టోపీ కూడా తెచ్చుకో. నాకు మాత్రం వద్దు. పొద్దున నా పాతచీర ఉతికి మిద్దె మీద ఆరేశాను. ఆరిందేమో పోయి తీసుకురా.